సాయంత్రమంతా పాలే, తాగింది కక్కేస్తున్నాడు. నా పాలు చాలట్లేదా?

అడుగుతున్న తల్లి:

మా బాబుకి ఈరోజుకి 19 రోజులు. నా పాలే ఇస్తున్నాను. పగలు రెండు గంటలకోసారి తాగి పడుకుంటాడు. సాయంత్రం ఆరయ్యేసరికి మొదలవుతుంది. పది నిమిషాలు తాగి వదిలేస్తాడు, పక్కలో వేయగానే ఏడుపు, మళ్ళీ తాగుతాడు, మళ్ళీ వదిలేస్తాడు. రాత్రి పదకొండు దాకా ఇదే వరస. ఆ వేళకి నా రొమ్ములు ఖాళీ అయిపోయినట్టు మెత్తగా ఉంటాయి. పైగా తాగినదాంట్లో సగం నా భుజం మీదే కక్కుతున్నాడు. ఒక్కోసారి పాలు పాలుగానే, ఒక్కోసారి విరిగినట్టు తునకలుగా. నిన్న ముక్కులోంచి కూడా వచ్చింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంట్లో అందరూ "పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు" అంటున్నారు. రాత్రి పంపుతో తీసి చూస్తే రెండు వైపులా కలిపి 30 మి.లీ. కూడా రాలేదు. నిజంగా చాలట్లేదా? చాలకపోతే మరి ఎందుకు కక్కుతున్నాడు?

ఇద్దరు పిల్లల తల్లి:

చెల్లీ, నువ్వు రాసింది చదువుతుంటే మా పెద్దదాని మూడో వారమే గుర్తొచ్చింది. ముందు నువ్వు కాస్త కుదుటపడు. దీన్ని క్లస్టర్ ఫీడింగ్ అంటారు. విడివిడిగా తాగాల్సినవి ఒకే పూట వెంటవెంటనే తాగేయడం అన్నమాట. ఎక్కువగా సాయంత్రాలే జరుగుతుంది. రెండు మూడు వారాలప్పుడు, ఆరో వారంలో, మళ్ళీ మూడో నెలలో బాగా కనిపిస్తుంది. ఈ వయసు పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. అవి సమానమైన ఎడంతో ఉండాలని ఏమీ లేదు.

మెత్తబడిన రొమ్ము చూసి పాలు అయిపోయాయనుకుంటాం. అది నిజం కాదు. బిడ్డ తాగుతుండగానే పాలు తయారవుతూ ఉంటాయి. రొమ్ము నిండుగా ఉంటే తయారీ మందగిస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ వేగం అందుకుంటుంది. సాయంత్రం వాడు అలా మాటిమాటికీ లాగుతుండటమే నీ ఒంటికి "ఇంకా కావాలి" అని చెప్పడం. ఆ వేళ డబ్బా పాలు పట్టి పడుకోబెడితే ఆ సంగతి నీ ఒంటికి తెలియదు. నేను చేసిన పని అదే. భయపడి ఒక వారం రోజులు ప్రతి సాయంత్రం డబ్బా పాలు పట్టాను. వారం తిరిగేసరికి నా పాలు నిజంగానే తగ్గాయి. మళ్ళీ దారికి రావడానికి రెండు వారాలు రాత్రీ పగలూ పాపని రొమ్ముకే పెట్టుకున్నాను. అప్పుడు నాకు ఈ మాట చెప్పేవాళ్ళు లేరు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పంపులో వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోకు. బిడ్డ లాగినట్టు ఏ పంపూ లాగలేదు. అందులోనూ సాయంత్రమంతా తాగించాక తీశావు.

చూడాల్సినవి రెండే: డైపర్లు, తూకం. అయిదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు బాగా తడవాలి. ఈ వారాల్లో పసుపు రంగు విరేచనం మూడు నాలుగు సార్లు అవుతుంటే ఇంకా మంచిది. పుట్టిన కొత్తలో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి, ఆ తర్వాత రోజుకి 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఇవి సరిగ్గా ఉంటే ఎవరేమన్నా పాలు చాలుతున్నట్టే. ఇవి సరిగ్గా లేక డాక్టరే పైపాలు పట్టమంటే మాత్రం మనసు కష్టపెట్టుకోకుండా పట్టు. అది నీ తప్పేం కాదు.

కక్కినది ఎంతో తేల్చుకోవాలంటే ఒక పని చెయ్యి. రెండు టీస్పూన్ల నీళ్ళు, అంటే 10 మి.లీ., ఒక పొడి గుడ్డ మీద పొయ్యి. ఆ మరక ఎంత పెద్దగా కనబడుతుందో చూస్తే "సగం కక్కేశాడు" అన్న భయం చాలావరకు పోతుంది.

అడుగుతున్న తల్లి:

అక్కా, చదువుతూ ఏడ్చేశాను. నిన్న లెక్కపెట్టాను, ఏడు డైపర్లు తడిశాయి, నాలుగుసార్లు పసుపుగా వెళ్ళాడు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇంటికి వచ్చేటప్పుడు 2.7, పద్నాలుగో రోజున 2.95. ఇంకో విషయం. తాగడం మొదలుపెట్టిన నిమిషానికే గుటగుటా మింగుతూ పొలమారి వదిలేస్తాడు. మధ్యలో నాలుకతో టక్ టక్ మని చప్పుడు కూడా వస్తోంది. అది మామూలేనా?

నవజాత శిశువుల వార్డులో పనిచేసే నర్సు:

అమ్మా, మీరు చెప్పిన తూకం, డైపర్లు రెండూ బాగున్నాయి. బాబుకి పాలు అందుతున్నాయి. ఆ పొలమారడం, ఆ చప్పుడు మాత్రం సరిచేసుకోదగ్గవి. కక్కడం కూడా దాంతో కొంత తగ్గవచ్చు.

పొలమారుతున్నాడంటే మొదట్లో పాలు మరీ జోరుగా వస్తున్నాయన్నమాట. మీరు నిటారుగా కూర్చోకుండా వెనక్కి ఆనుకుని సగం పడుకున్నట్టు ఉండండి, బాబుని మీ పొట్ట మీద బోర్లా ఉంచి తాగించండి. అప్పుడు పాలు పైకి ఎక్కాలి కాబట్టి జోరు తగ్గుతుంది. మొదటి ధార చిమ్ముతుంటే ఒక గుడ్డలోకి పోనిచ్చి, తగ్గాక పట్టించండి. ఇలా తాగించేటప్పుడు మీకు కునుకు రాకుండా చూసుకోండి.

చప్పుడు వస్తోందంటే సాధారణంగా పట్టు వదులైందని అర్థం. ప్రతిసారీ కాస్త గాలి లోపలికి పోతుంది. బిడ్డ ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండాలి, నోరు బాగా తెరిచేదాకా ఆగాలి, అప్పుడు గడ్డం ముందు ఆనేలా దగ్గరికి తీసుకోవాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి వెళ్ళాలి. తాగాక చనుమొన నొక్కుకుపోయినట్టు చదునుగా బయటికొస్తే, లేదా మీకు నొప్పిగా ఉంటే, వేలితో పట్టు విడిపించి మళ్ళీ పెట్టండి. ఎన్నిసార్లయినా ఫర్వాలేదు. రెండు రోజులు చూసినా చప్పుడు తగ్గకపోతే పాలు పట్టించడంలో శిక్షణ ఉన్న ఎవరికైనా దగ్గరుండి చూపించుకోండి. రాసి చెప్పడం కన్నా చూసి సరిదిద్దడం తేలిక.

ఇక కక్కడం. పొట్టకీ ఆహారనాళానికీ మధ్య ఉండే కండరం పసిపిల్లల్లో ఇంకా వదులుగా ఉంటుంది. పొట్ట చిన్నది, తాగేవి అన్నీ పాలే. అందుకే పైకి వస్తాయి. విరిగినట్టుంటే కాసేపు పొట్టలో ఉండి వచ్చాయని, అంతే. ముక్కూ గొంతూ లోపల కలిసే ఉంటాయి కాబట్టి ముక్కులోంచి కూడా వస్తాయి, మెత్తగా తుడిస్తే చాలు. నాలుగో నెల దగ్గర ఇది ఇంకాస్త పెరగవచ్చు, కంగారు పడకండి. ఏడాది నిండేసరికి చాలామందిలో పోతుంది. రొమ్ము మార్చేటప్పుడు ఒకసారి, చివర్లో ఒకసారి తేన్పు తెప్పించండి. తాగాక 20-30 నిమిషాలు నిలువుగా భుజాన వేసుకోండి. పొట్ట దగ్గర డైపర్ బిగించకండి. ఇప్పుడే కడుపునిండా తాగి, కక్కి, మళ్ళీ గునుస్తుంటే ప్రతిసారీ ఆకలే అనుకోకండి, ముందు ఎవరైనా ఎత్తుకుని తిప్పి చూడండి. చేతులు నోట్లో పెట్టుకుంటూ తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంటే అప్పుడు పట్టండి.

కొన్నిటికి మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆకుపచ్చగా కక్కినా, నెత్తురు కనిపించినా, పొట్ట గట్టిగా ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రతిసారీ తాగగానే దూరంగా చిమ్మినట్టు వాంతి చేసుకుని, వెంటనే ఆకలితో ఏడుస్తుంటే పొట్ట చివర దారి సన్నబడి ఉండవచ్చు. ఇది ఎక్కువగా మూడు నుంచి ఆరు వారాల వయసులో బయటపడుతుంది, అంటే మీ బాబు ఇప్పుడు ఆ వయసులోకే వస్తున్నాడు, గమనిస్తూ ఉండండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా ఆపైన ఉన్నా, తడి డైపర్లు తగ్గినా, లేపినా లేవకుండా పాలు మాని మగతగా ఉన్నా వెంటనే చూపించాలి. తరచుగా తాగే బిడ్డ కన్నా, తాగడానికి లేవని బిడ్డ గురించే మేం ఎక్కువ ఆందోళన పడతాం.

ఒక తండ్రి:

మాకు పాప పుట్టినప్పుడు ఇదే జరిగింది. ఆ సమయంలో నేను చేయగలిగింది చేశాను. ఆరు కాకముందే మా ఆవిడ అన్నం తినేసేది. పక్కన నీళ్ళ సీసా, గుడ్డలు, ఫోన్ ఛార్జర్ పెట్టేవాణ్ణి. రెండు తాగడాల మధ్య పాప నా భుజం మీదే ఉండేది. ఆ ఇరవై నిమిషాలే తనకి స్నానమైనా, కునుకైనా. చెల్లెమ్మా, మీ ఆయన్ని ఈ పని అడగండి. ఇంట్లోవాళ్ళు పాలు చాలట్లేదంటే ఆయన్నే జవాబు చెప్పమనండి, మీరు చెప్పనక్కర్లేదు.

అడుగుతున్న తల్లి:

చాలా థాంక్స్ అన్నయ్యా, ఇప్పుడే ఆయనకి చదివి వినిపించాను. సిస్టర్, చివరిగా ఒక్కటి. వెల్లకిలా పడుకోబెడితే నిద్రలో కక్కినవి గొంతులోకి పోతాయని భయం. పక్కకి తిప్పి, తల కింద దిండు పెడుతున్నాను.

నర్సు:

దిండు ఈ రాత్రే తీసేయండి అమ్మా. వెల్లకిలానే పడుకోబెట్టాలి, చదునైన గట్టి పరుపు మీద, చుట్టూ ఏమీ లేకుండా. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. పైకొచ్చిన పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాలంటే ఎగువకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడు ఆహారనాళమే పైకి వస్తుంది, అదే ఎక్కువ ప్రమాదం. పక్కకి పడుకోబెట్టినా బోర్లా పడతాడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కక్కినప్పుడు మింగేస్తాడు లేదా దగ్గి బయటికి తోసేస్తాడు. తెల్లవారుజామున తాగించేటప్పుడు సోఫాలో మాత్రం కూర్చోకండి. మీకు నిద్ర పడితే బిడ్డ సందులో ఇరుక్కుంటాడు. కళ్ళు మూతలు పడుతుంటే బాబుని ఆయన చేతికిచ్చి మీరు పడుకోండి.