ఏడీహెచ్‌డీ గోలీ వేసుకోబట్టి ఏడాదిన్నర, ఇలా ఇంకా ఎన్నేళ్ళు?

తాళాలెక్కడ:
అందరికీ నమస్తే. నాకు 34, ఉండేది కూకట్‌పల్లి, మాదాపూర్‌లో టెస్టింగ్ జాబ్. మా అబ్బాయిని చూపించడానికి వెళ్తే డాక్టర్ గారు వాడితో పాటు నన్నూ నాలుగు ప్రశ్నలు అడిగారు, అలా బయటపడింది నా ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, మతిమరుపు, కుదురు లేకపోవడం). మిథైల్‌ఫెనిడేట్ ఎస్ఆర్ (నెమ్మదిగా విడుదలయ్యే రకం) 10 మిల్లీగ్రాములతో మొదలైంది, ఇప్పుడు పొద్దున 20, మధ్యాహ్నం మూడింటికి 10.

మొదటి రోజు ఇంకా గుర్తుంది. ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట రెండు నెలలుగా కుర్చీలోనే ఉంది, చూశా, లేచా, ఇచ్చేసి వచ్చా, అంతే, లోపల ఏ గొడవా జరగలేదు. మిగతావాళ్ళకి రోజూ ఇంత తేలిగ్గా ఉంటుందా అని మెట్ల మీద కూర్చుని ఏడ్చేశా.

ఇప్పుడు అంత తేడా తెలియట్లేదు. మధ్యాహ్నం ఆకలి వేయదు, టిఫిన్ బాక్స్ పెట్టింది పెట్టినట్టే ఇంటికి వస్తుంది, రాత్రి పదింటికి ఫ్రిజ్ ముందు నిలబడి దొరికింది దొరికినట్టు తింటా. సాయంత్రం మెట్రోలో ఎవడైనా రీల్స్ సౌండ్ పెట్టి చూస్తే కొట్టాలనిపిస్తుంది. నిద్ర ఒంటిగంటకి. పోయిన నెల బీపీ చూస్తే 138/88, ఇదివరకు 120 దాటేది కాదు. నేను చూపించుకునే చోట ఐదు నిమిషాల్లో కంటిన్యూ అని రాసి పంపేస్తున్నారు, అడుగుదామనుకున్నవి గది బయటికి వచ్చాకే గుర్తొస్తాయి (అదే కదా రోగం).

బాడీ అలవాటు పడిపోయిందా? పదేళ్ళు వాడితే గుండెకి ఏమైనా అవుతుందా? మా మామగారు "పిచ్చి మందులు" అంటారు, ఆ చర్చ మాత్రం వద్దు.

మూడోచాయ్:
అన్నా నేను 7 ఏండ్ల సంది వేస్కుంటున్న. మొదట్ల అనిపించింది మందు పనిజేసుడు ఒక్కటే కాదు, కొత్త కూడా. ఇప్పుడు నాకైతే ఏం తెల్వది గానీ మర్చిపోయిన రోజు మా ఇంట్లామెకు తెలుస్తది, పది గంటలకే "గోలీ ఏస్కున్నవా" అని అడుగుతది, నా మీటర్ ఆమెనే. నడుమ రెండేండ్లు అటమాక్సెటిన్ అని దీనికే ఇచ్చే ఇంకో రకం మందు వాడిన, అది ఎక్కనీకె నాలుగైదు వారాలు పట్టింది, పొద్దుగాల కడుపుల తిప్పుడు, నోరు ఎండుడు, ఇంకోటి కూడా ఉండె, పెండ్లైనోళ్ళకు అర్థమైతది. మళ్ళ దీనికే వచ్చిన.

ఆకలి సంగతి ఏందంటే గోలీ కంటే ముందే గట్టిగ తినాలె, మూడు గుడ్లు, ఉప్మా, ఏదైనా గానీ కడుపు నిండాలె. గట్లనే రోజుకు ఎన్ని చాయ్‌లో నిజం చెప్పు. నేను గోలీ మీద మూడు ఇరానీ చాయ్‌లు కొట్టేటోన్ని, కూసున్నకాడనే పల్స్ 104, ఒక్కటి చేసినంక 86కు దిగింది.

వార్డ్‌రౌండ్:
సైకియాట్రీ పీజీ చేస్తున్నా. మిమ్మల్ని చూడకుండా డోస్ గురించి మాట్లాడను, తెలిసినంత చెప్తా.

లాంగ్ టర్మ్ అనగానే అందరూ పట్టుకొచ్చేది అమెరికాలో జరిగిన ఎంటీఏ స్టడీ, 579 మంది పిల్లలు, 1999లో వచ్చింది. 14 నెలల దగ్గర జాగ్రత్తగా డోస్ చూసుకుంటూ మందు ఇచ్చిన పిల్లలు మిగతా గ్రూపులవాళ్ళకంటే స్పష్టంగా ముందున్నారు, మూడేళ్ళకి చూస్తే గ్రూపుల మధ్య ఆ తేడా పోయింది. మందు దండగ అని దీన్ని చూపించేవాళ్ళున్నారు, కానీ 14 నెలల తర్వాత ఎవరి దారి వారిది, మానేసినవాళ్ళు మానేశారు, కొత్తగా మొదలెట్టినవాళ్ళు మొదలెట్టారు, అలాంటప్పుడు దాన్నిబట్టి మందు వాడినన్నాళ్ళూ పనిచేస్తుందనీ చేయదనీ గట్టిగా తేల్చలేం.

గుండె సంగతి స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళ రికార్డుల్లో చూశారు, 14 ఏళ్ళ దాకా ఫాలో అయ్యారు, 2023లో వచ్చింది. వాడిన ఒక్కో ఏడాదికి గుండె, రక్తనాళాల జబ్బుల రిస్క్ సగటున 4 శాతం చొప్పున ఎక్కువ కనిపించింది, మొదటి మూడేళ్ళలోనే ఎక్కువ పెరిగి తర్వాత దాదాపు అక్కడే నిలిచింది. అందులో తేలింది ముఖ్యంగా బీపీ, ధమనుల జబ్బులు. 4 శాతం మందికి జబ్బు వస్తుందని కాదు, ఉన్న రిస్క్ మీద అంత పెరుగుదల అని. కాబట్టి మీరు భయపడాల్సింది పదేళ్ళ తర్వాత గురించి కాదు, ఆ 138ని వదిలేయడం గురించి. ఐదు నిమిషాలు కూర్చుని, గోలీకి ముందు ఒకసారి, వేసుకున్న రెండు మూడు గంటలకి ఒకసారి, వారం రోజులు కాగితం మీద రాయండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే వారం ఆగొద్దు, వెంటనే వెళ్ళండి.

సాయంత్రం చిరాకుని రీబౌండ్ అంటారు, మందు దిగేటప్పుడు వస్తుంది. మూడింటి డోస్ టైం మార్చాలా, రోజంతా ఉండేది ఇవ్వాలా అన్నది మీ డాక్టర్‌ని అడగండి.

గీతలగోడ:
మా పాపకి 9, రెండేళ్ళుగా ఇదే మందు. తలుపు పక్కన గోడకి పెన్సిల్‌తో ఎత్తు గీస్తాం, ఒక ఏడాది రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పైన చెప్పిన ఎంటీఏ పిల్లలు పెద్దయ్యాక కూడా చూశారట, ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు సగటున రెండున్నర సెంటీమీటర్లు తక్కువ ఉన్నారట. డాక్టరమ్మ చెప్పాకే దసరా, ఎండాకాలం సెలవుల్లో ఆపుతున్నాం, సొంతంగా కాదు. ఈ దసరాకి వేలెడు పెరిగింది, ఇల్లు పీకి పందిరి వేసింది కూడా.

కౌంటర్‌వెనక:
మెడికల్ షాప్ నడుపుతాను. ఈ మందు ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందకి వస్తుంది, అందుకే చాలా షాపుల్లో ఉంచరు. ఆఖరి గోలీ చేతిలో పట్టుకుని రావద్దు, పది రోజుల ముందే ఫోన్ చేసి అడగండి, ఒరిజినల్ చీటీ తెచ్చుకోండి.

తాళాలెక్కడ:
అందరికీ థాంక్స్. వారం రీడింగులు తీశా, గోలీకి ముందు 124, 126 అలా, తర్వాత 136, ఒక రోజు 141. కాగితం ముందే టేబుల్ మీద పెట్టేసరికి డాక్టర్ గారు ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు, ఇరవై నిమిషాలు మాట్లాడారు. మధ్యాహ్నం డోస్ ఒంటిగంటకి మార్చారు, ఈసీజీ తీయించారు, నార్మల్. నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు, బీపీ తగ్గకపోతే మందు మార్చే సంగతి చూద్దామన్నారు. నిన్న పన్నెండింటికే నిద్ర పట్టింది.

మూడోచాయ్:
మంచిగైంది అన్నా. చాయ్‌లు ఎన్నో మాత్రం చెప్పలే.