పూర్వీకుల ఆరోగ్యం తిండి వల్లా, ఒంటి కష్టం వల్లా?

ప్రశ్న: వెన్నెలదారి

మా నాన్నగారికి 61 ఏళ్లు. గత నెల రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ 162 వచ్చింది. మూడు నెలలు తిండి మార్చి చూద్దాం, తగ్గకపోతే మందు మొదలుపెడదాం అన్నారు డాక్టరుగారు. కూరగాయలు, పప్పుధాన్యాలు, ముడి ధాన్యాలు, పండ్లు ఎక్కువగా, మాంసం, వేపుళ్లు ఎప్పుడో ఒకసారి. పూర్వం పెద్దలు తిన్నట్టే తినమన్నారు.

నాన్నగారు ఏదీ సగంసగం చేసే మనిషి కాదు. మర్నాటి నుంచే మూడు పూటలా గిన్నెడు ఉడికించిన శనగలు, పక్కన పచ్చి కూరగాయలు. ఐదో రోజుకు కడుపు ఉబ్బిపోయి రాత్రంతా నిద్ర లేదు. అంతటితో మానేశారు. "పెద్దలు ఆరోగ్యంగా ఉన్నది రోజంతా ఒళ్లు వంచి పనిచేయబట్టి. వాళ్ల తిండి మనం తిన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు. నిజంగా తిండి వల్ల వచ్చే మేలు ఎంత?

జవాబు: పచ్చికబయలు

మీ నాన్నగారు అడిగినది అసలైన ప్రశ్న. పోషకాహార నిపుణురాలిగా 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఇలా సూటిగా అడిగేవాళ్లు తక్కువ. ఒంటి పని మేలు చేసిన మాట నిజమే. అయితే తిండిని మాత్రమే మార్చి చూసిన ప్రయోగం ఒకటి 2015లో వెలువడింది. పిట్స్‌బర్గ్‌లో ఉండే ఆఫ్రికన్ అమెరికన్లు 20 మంది, దక్షిణాఫ్రికా పల్లెవాసులు 20 మంది. రెండు వారాలు వీళ్ల తరహా తిండి వాళ్లకు, వాళ్ల తరహా తిండి వీళ్లకు పెట్టారు. అమెరికా వాళ్లు తినే పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55కు పెరిగింది. పల్లెవాసులది 66 నుంచి 12కు పడిపోయింది. అంత కొద్ది రోజుల్లోనే పెద్దపేగు లోపలి పొరలో వాపు సూచనలు అమెరికా వాళ్లలో తగ్గాయి, పల్లెవాసుల్లో పెరిగాయి. పీచును పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు బ్యుటిరేట్ అనే పదార్థం పుడుతుంది. పేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. అది అమెరికా వాళ్లలో రెండున్నర రెట్లయింది, పల్లెవాసుల్లో సగమైంది. రెండు వారాల్లో జబ్బు వచ్చిందనో పోయిందనో దీనికి అర్థం కాదు. కానీ ఒంటి కష్టం ఒక్కటే కారణమైతే, తిండి మారగానే ఇంత తేడా వచ్చేది కాదు. ఈ సంగతి నాన్నగారికి చెప్పండి.

ఇక కొలెస్ట్రాల్. ఓట్స్, బార్లీ, చిక్కుళ్లు, శనగల్లో ఉండే కరిగే పీచు పేగులో జిగురులా మారి పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటకు తీసుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. మాంసం, వేపుళ్లు తగ్గితే, చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు తగ్గుతుంది, ఆ మేలు అదనం.

పొరపాటు జరిగింది తిండిలో కాదు, తొందరలో. ఒక కప్పు ఉడికిన శనగల్లో 12 గ్రాముల దాకా పీచు ఉంటుంది. మూడు పూటలంటే 36. అలవాటు లేని పేగు ఒక్కసారిగా అంత తట్టుకోలేదు. మొదటి వారం రోజుకు రెండు చెంచాలు చాలు, వారం వారం కొంచెం పెంచండి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, గ్యాసు పుట్టించే చక్కెరలు కొంత అందులో పోతాయి. మంచినీళ్లతో ఉడికించి, ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూడండి. పొట్టు జారి, లోపల వెన్నలా నలగాలి. నడుమ గట్టి పలుకు తగిలితే ఇంకా ఉడకాలి. మంచినీళ్లు బాగా తాగాలి, లేకపోతే పెరిగిన పీచే మలబద్ధకం తెస్తుంది. మాంసం, గుడ్లు, పాలు మొత్తంగా మానేస్తే విటమిన్ బి12 బయటినుంచి తీసుకోవాలి. మీ నాన్నగారికి ఆ అవసరం రాకపోవచ్చు.

జవాబు: సంధ్యాదీపం

ఒక్క మాట. మా అమ్మగారు గుండె కవాటం ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారు. మంచిదని ఆకుకూరలు ఒక్కసారిగా పెంచేశాం. తరువాతి పరీక్షలో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే కొలత) పడిపోయింది, అంటే మందు పని తగ్గింది. ఆకుల్లోని విటమిన్ కె వల్ల అన్నారు. మానక్కరలేదట, రోజూ ఒకే కొలతలో తినాలట. ఆ సంగతి ముందు ఎవరూ చెప్పలేదని ఇప్పటికీ బాధగా ఉంది.

జవాబు: పచ్చికబయలు

సంధ్యాదీపం గారూ, మంచి సమయంలో చెప్పారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లూ అంతే, పొటాషియం ఎక్కువైతే ప్రమాదం. పండ్లు, కూరలు పెంచే ముందు డాక్టరును అడగాలి.

జవాబు: వెన్నెలదారి

ఆరు వారాలైంది. రెండు వారాల ప్రయోగం సంగతి నాన్నగారు రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. రెండు చెంచాలతో మొదలుపెట్టి ఇప్పుడు రోజుకు అరకప్పుకు వచ్చారు, కడుపు ఉబ్బరం లేదు. సాయంత్రం నడక కూడా మొదలుపెట్టారు, తన వాదన కూడా కొంత నిజమేనని మీరు ఒప్పుకున్నారు కదా అని. శనగలు నానబెట్టే పని ఇంకెవరికీ ఇవ్వడం లేదు. ఉడికాక గింజ నొక్కి చూసి, ఆయన సరే అన్నాకే పొయ్యి ఆపాలి. పరీక్షకు ఇంకా ఐదు వారాలుంది. ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.