హాతీపథర్ రాళ్ళకి రెయిలింగ్ కావాలా, వద్దా?

రాయగడ మాస్టారు:
వానలు తగ్గుముఖం పట్టాయి, దసరా సెలవులు దగ్గరకొచ్చాయి. ఇక ప్రతి ఆదివారం హాతీపథర్ దగ్గర జాతరే. మన ఒడిశా రాయగడ టౌనుకి రెండు కిలోమీటర్లే కదా, మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని అటు నుంచి అటే పిల్లాపాపలతో నాగావళిలోకి దిగిపోతారు జనం. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. హాతీపథర్ అంటే ఏనుగురాయి. నది మధ్యలో రెండు పెద్ద బండలు, దూరం నుంచి చూస్తే నీళ్ళు తాగడానికి వంగిన ఏనుగుల్లా ఉంటాయి. వాటి సందుల్లోంచి నీరు నురగ కక్కుతూ దూకుతుంది.

మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఆ రాళ్ళ చుట్టూ రెయిలింగ్ వేయించమని అర్జీ పెడుతున్నాం, అందరూ సంతకం చేయండి" అన్నాడు. నేను చేయనన్నాను. అప్పట్నుంచి నాకూ ఆయనకీ మాటల్లేవు.

నేను ఎందుకు చేయనన్నానో చెప్తాను. నిరుడు సెప్టెంబరులో నా ట్యూషన్ పిల్లలు ఆరుగుర్ని అక్కడికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నర. ఎండ మాడు పగలగొడుతోంది, ఆకాశంలో మబ్బుతునక లేదు. ఒక పిల్లాడి చెప్పు రెండు బండల మధ్య సందులో పడింది. వాడు బోర్లా పడుకుని కర్రతో తీస్తున్నాడు, అందడం లేదు. కాసేపటికి ఆ చెప్పే తేలుకుంటూ పైకొచ్చి వాడి చేతికందింది. వాడు పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు జల్లుమంది. ఐదు నిమిషాల కిందట అది అక్కడే, మూరెడు లోతున ఉంది మరి. తలెత్తి చూస్తే నీళ్ళు టీ రంగులోకి తిరిగాయి, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయి. పిల్లల్ని రెక్క పట్టుకుని ఒడ్డుకి లాగాను. పావుగంటలో మేం కూర్చున్న బండ కనబడలేదు. దాని మీద పెట్టిన టిఫిన్ క్యారేజీ పులిహోరతో సహా పోయింది. అది మా అత్తగారు పెట్టిన క్యారేజీ. ఇంట్లో ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

నాగావళి పుట్టేది కలహండి కొండల్లో. అక్కడ కుంభవృష్టి పడితే ఇక్కడ మనకి చినుకు పడనక్కర్లేదు. రెయిలింగ్ మనిషి జారకుండా ఆపుతుందేమో గానీ, వచ్చే నీటిని ఆపదు. పైగా కొట్టుకొచ్చే దుంగలూ తీగలూ ఆ ఇనుముకి చుట్టుకుంటాయి. మొదటి వరదకే అది వంకరపోతుంది. ఆ తర్వాత ఆ ఊచలకే ఎవడో గుచ్చుకుంటాడు.

మీరేమంటారు? తిట్టినా పర్లేదు, కారణం చెప్పి తిట్టండి.

గుణుపూర్ కోడలు:
మాస్టారూ, నమస్తే. కారణం చెప్పే తిడతాను. మీకు నీటి రంగు తెలుసు కాబట్టి ఆ ఆరుగురు పిల్లలూ ఇంటికొచ్చారు. మీరు లేని ఆదివారం సంగతేమిటి? కిందటి కార్తీకంలో మేం పదిహేను మందిమి వనభోజనాలకి వచ్చాం. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, వరద గిరద ఏమీ లేదు. మా అత్తగారు ఒడ్డు నుంచి మొదటి బండ మీదకి దిగడానికే ఇరవై నిమిషాలు పట్టింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరో ఒడియా కుర్రాడు "మాఉసీ, రండి" అని చెయ్యిచ్చి దింపాడు. నేను చంకలో పిల్లాడు, ఇంకో చేతిలో చీర కుచ్చిళ్ళు. నాచు మీద కాలు సర్రున జారింది. మోకాలు చిట్లింది, పిల్లాడికి ఏమీ కాలేదు, అదృష్టం. అక్కడికి వచ్చేవాళ్ళందరూ షూస్ వేసుకున్న కుర్రాళ్ళు కారండీ.

తేరువళి రైలుబండి:
అమ్మా, మీ మోకాలి బాధ అర్థమైంది. కానీ నదిలో ఇనుము పాతడం గురించి ఒక్క మాట. 2017 జూలై గుర్తుందా ఎవరికైనా? మన తేరువళి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన వరదకి కొట్టుకుపోయింది. వైజాగ్, రాయపూర్ రైళ్ళన్నీ ఆగిపోయాయి. గూడ్సు బండ్లు మోసిన వంతెనే నిలబడలేదు. ఇంక మీ రెండంగుళాల పైపెంత?

బరంపురం బాబ్జీ:
పిక్నిక్‌లో మందు కొట్టేవాడికి గోడ కట్టినా దూకుతాడు. చర్చ అయిపోయింది.

గుణుపూర్ కోడలు:
బాబ్జీగారూ, తాగినవాడి సంగతి వాడు చూసుకుంటాడు. తాగని మా అత్తగారి సంగతి అడుగుతున్నాను.

జయపురం అల్లుడు:
నాది వేరే లెక్క. మా అత్తారిది జమ్మలమడుగు, అక్కడికి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఆరేడు సార్లు వెళ్ళాను కాబట్టి రెండింటినీ పోల్చి చెప్పగలను. గండి అన్న మాటకి అర్థం అక్కడ నిలబడితే తెలుస్తుంది. పెన్నానది ఎర్రమల కొండల్ని నిలువునా కోసేసింది. రెండు పక్కలా ఎర్రటి రాయి, ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా. కోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూసుకుని వెనక్కి నడిస్తే ఒక్కసారిగా నేల అయిపోతుంది. కిందెక్కడో నది.

అక్కడి రాయి క్వార్ట్‌జైట్. గట్టిదే, కానీ చీలికల వెంట దిమ్మెలు దిమ్మెలుగా విడిపోతుంది. సెల్ఫీ కోసం కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే బల్లపరుపు రాయి కింద ఎన్నో పగుళ్ళుంటాయి, పైన కూర్చున్నవాడికి కనబడవు. మా బావమరిది అలాగే కూర్చున్నాడు. లేచాక పక్కకి తీసుకెళ్ళి చూపించాను. తన కింది రాయికీ దాని వెనక రాయికీ మధ్య చెయ్యి పట్టేంత సందు. ఆ రోజు వాడు అన్నం సరిగ్గా తినలేదు.

అక్కడ భయం ఎత్తుతో, నీటితో కాదు. అలాంటి చోట వ్యూ పాయింట్ దగ్గర రెయిలింగ్ ఉండాల్సిందే. హాతీపథర్‌లో భయం నీటితో. రెండు రోగాలకీ ఒకే మందు వేస్తే ఎలా?

బరంపురం బాబ్జీ:
అల్లుడుగారికి మామగారి ఊరి మీద ఎంత ప్రేమో! మన డుడుమ మాట ఒక్కరూ ఎత్తరేం? దాదాపు 175 మీటర్ల జలపాతం, కింద లోయ. ఒడ్డు సగం కొరాపుట్‌ది, సగం ఆంధ్రాది. అక్కడ రెయిలింగ్ వేయాలంటే 1955 నుంచి రెండు రాష్ట్రాలూ మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కరెంటు పంచుకున్నట్టు పైపులు కూడా వాటాలు వేసుకోవాలి. మొదటి పైపు ఎవరిదని తేలేసరికి నా మనవడికి పెళ్ళవుతుంది.

కొండదారి:
నేను నెలకోసారి కుర్రాళ్ళని కొండలెక్కించేవాణ్ణి, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి. రెయిలింగ్ మీద ఇంత కొట్టుకుంటున్నారు గానీ, హాతీపథర్‌కి వెళ్ళినవాళ్ళకి ఎక్కువగా తగిలే దెబ్బ గాజుపెంకులది. ఇసుకలో బీరు సీసాలు. పోయిన జనవరిలో నా గ్రూపులో ఇద్దరికి అరికాళ్ళు తెగాయి. తర్వాత రంగు. రాయి మీద ఎవరెవరి పేర్లో, మధ్యలో బాణం గుర్తులు. ఆ పెయింటు ఎండాకాలంలో పెచ్చులు లేస్తుంది, వానాకాలంలో నాచు పట్టి మామూలు రాయికన్నా ఎక్కువ జారుతుంది. మా కుర్రాడొకడు గుండె బొమ్మ మీద కాలు పెట్టి జారాడు. ఆ ప్రేమికులెవరో వాడికి తెలియదు పాపం.

నీళ్ళలో దిగేవాళ్ళకి ఇంకో మాట. ఇలాంటి రాతి నదుల్లో సుడి తిరిగే చోట గులకరాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడక్కడే తిరిగి, రుబ్బురోలు తొలిచినట్టు రాయిని తొలిచేస్తాయి. పైన మోకాలిలోతు నీళ్ళే, కాలు మాత్రం నిలువులోతు గుంతలో పడుతుంది. అది ఏ రెయిలింగూ చెప్పదు. అక్కడ పుట్టి పెరిగినవాడు చెప్తాడు. నది ఒడ్డు ఊళ్ళ కోంధు గిరిజన కుర్రాళ్ళు ఏ బండ ముందు మునుగుతుందో, ఏ మడుగులో గుంత ఉందో వేళ్ళ మీద చెప్తారు. మన తూర్పు కనుమల్లో అడుగడుగునా దొరికే రాయికి ఖొండలైట్ అని పేరు. ఆ పేరులో ఉన్నది మన తెలుగు 'కొండ' అన్న మాట కాదు, కోంధుల పేరే. రాయికి వాళ్ళ పేరు పెట్టారు గానీ, ఆ రాళ్ళ మీద నడిపించే పని మాత్రం వాళ్ళకి ఇవ్వలేదు. నలుగురైదుగురు కుర్రాళ్ళకి రోజుకూలీ, మెడలో విజిల్, చేతిలో తాడు. రెయిలింగ్ ఖర్చులో పదోవంతు కాదు.

గుణుపూర్ కోడలు:
తమ్ముడూ, మాట బాగుంది. మరి జనవరి 1న? టెంపోలు, బాక్సులు, డీజేలు. ఆ గోలలో నీ విజిల్ ఎవరికి వినబడుతుంది?

కొండదారి:
నిజమే అక్కా. ఆ ఒక్క రోజుకి నా దగ్గర జవాబు లేదు.

తేరువళి రైలుబండి:
స్నానఘట్టాల్లో గొలుసులు కడతారు చూశారా? నీళ్ళలో పాతరు, ఒడ్డున కొక్కేలకి వేస్తారు. వరదొస్తే తీసేయొచ్చు. అలాంటిదైతే నేను ఒప్పుకుంటాను.

రాయగడ మాస్టారు:
రెండు రోజులుగా అందరివీ చదివాను. గుణుపూర్ అమ్మగారి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను ఆరుగురు పిల్లల్ని తీసుకెళ్ళానే గానీ, అక్కడికి ఒక్కసారైనా మా అమ్మని తీసుకెళ్ళానా అని ఆలోచించాను. తీసుకెళ్ళలేదు. కారణం ఆవిడ చెప్పిందే, దిగడానికి పట్టు లేదు.

కాబట్టి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. రోడ్డు నుంచి ఒడ్డు దాకా, అంటే మామూలు వరద అందని ఎత్తు వరకు, మెట్లూ చేతిపట్టూ పెట్టండి, మంచిదే. అక్కణ్ణుంచి రెండు ఏనుగులూ కనబడతాయి, పెద్దవాళ్ళు అక్కడే కూర్చోవచ్చు. నది లోపల మాత్రం ఇనుము వద్దు. ఇక నీటి సంగతి. బండ మీద ఎర్రగీత గీయించాలి, నీళ్ళు గీత తాకితే అందరూ పైకి రావాలి.

కొండదారి:
మాస్టారూ, రాయి మీద పెయింటు వద్దని నేను రాసిన కిందే మీరు ఎర్రగీత అంటారా?

బరంపురం బాబ్జీ:
దాని పక్కనే ఎవడో గుండె బొమ్మ కూడా వేస్తాడు.

రాయగడ మాస్టారు:
సరే, సరే. గీత మాట వెనక్కి తీసుకుంటున్నాను. వంతెన స్తంభాలకి మీటర్లు, అంకెలు ఉంటాయి చూడండి, అలాంటి కొలత స్తంభం ఒకటి ఒడ్డున. పక్కన బోర్డు. నీళ్ళు ఎంతకొస్తే లేచిపోవాలో మూడు భాషల్లో, ఒడియా, తెలుగు, కోంధుల భాష కుయి. చదవడం రానివాళ్ళకి బొమ్మ.

జయపురం అల్లుడు:
కుయి మాట బాగుంది. బొమ్మలో చెప్పు తేలుతున్నట్టు వేయించండి, ఎవరికైనా అర్థమవుతుంది.

గుణుపూర్ కోడలు:
మెట్లు, చేతిపట్టు, వరదొస్తే తీసేసే గొలుసు, కొలత స్తంభం, కుర్రాళ్ళకి కూలీ. ఇలా రాస్తే నేను మొదటి సంతకం పెడతాను. జనవరి 1 గొడవ విడిగా కొట్టుకుందాం, దాన్ని వదిలిపెట్టాననుకోకండి. ఇంతకీ అర్జీ ఒడియాలో రాయాలి కదా. మనలో రాయడం వచ్చినవాళ్ళెవరు? నాకు మాట్లాడ్డం వస్తుంది గానీ, రాస్తే మా ఆయన నవ్వుతాడు.

తేరువళి రైలుబండి:
స్టేషన్ బోర్డులు చదవడం వరకే నాకొచ్చు.

రాయగడ మాస్టారు:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. ఆదివారం రాయిస్తాను. తప్పులు మాత్రం మీరే ఎవరిచేతైనా దిద్దించుకోవాలి. ఇక మిగిలింది ఒకటే, ఆ కాగితం మా వీధాయన దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? నాకైతే మొహం చెల్లదు.