అక్వేరియంలోని సక్కర్ చేప ఏ జాతిదో గుర్తించడంలో సాయం కావాలి

ప్రశ్న: నమస్కారం. రెండేళ్ళ క్రితం నాలుగంగుళాలకు మించి పెరగదని చెప్పి అమ్మిన సక్కర్ చేప ఇప్పుడు తొమ్మిదంగుళాలు దాటింది. ఒళ్ళంతా గోధుమరంగు మచ్చలు, వీపు మీద తెరచాపలా లేచే పెద్ద రెక్క ఉన్నాయి. ఇది బ్రిసిల్‌నోజ్ అనే చిన్న రకమేనా?

మొదటి జవాబు: కాదనే అనిపిస్తోంది, అండీ. బ్రిసిల్‌నోజ్ సాధారణంగా ఐదారు అంగుళాల దగ్గరే ఆగుతుంది, ఎదిగిన మగచేప ముక్కు మీద కండగల కొమ్ముల్లాంటివి మొలుస్తాయి. వీపు రెక్క విచ్చుకున్నప్పుడు ఫొటో తీసి, ముందున్న గట్టి ముల్లును వదిలి మిగిలిన పుల్లలను లెక్కపెట్టండి. ఏడు ఉంటే బ్రిసిల్‌నోజ్ కావచ్చు. పది లేదా అంతకు మించి ఉంటే అది దక్షిణ అమెరికాకు చెందిన టెరిగోప్లిక్తిస్ అనే పెద్ద సక్కర్ చేపల ప్రజాతిది.

ప్రశ్న అడిగినవారు: పన్నెండు ఉన్నాయండీ. అద్దానికి అతుక్కున్నప్పుడు చూస్తే పొట్ట మీద కొన్ని మచ్చలు విడివిడిగా, కొన్ని కలిసిపోయి వంకర గీతలుగా ఉన్నాయి.

రెండవ జవాబు: అయితే టెరిగోప్లిక్తిస్ అనడంలో సందేహం లేదు. అందులో విడి మచ్చలుంటే పార్డాలిస్ జాతి అనీ, కలిసిన గీతలుంటే డిస్‌జంక్టివస్ జాతి అనీ అంటారు గానీ, ఈ రెండింటికీ సంకరం జరుగుతుంది కాబట్టి మీ చేపకు అంతకంటే కచ్చితమైన పేరు పెట్టడం నాకు సరికాదనిపిస్తోంది. ఇది అడుగు దాటి పెరుగుతుంది, పెద్ద తొట్టి తప్పదు. పెంచలేకపోతే పెంచగలిగినవారికి ఇవ్వండి, దయచేసి చెరువులో మాత్రం వదలకండి. ఇవి గట్లను తొలిచి గూళ్ళు చేస్తాయి, ఒంటి మీది గరుకైన ఎముక పలకలతో జాలరుల వలలు చింపేస్తాయి.