ఏథ్9కె: చెక్‌సమ్ సరిపోయింది, వెర్షన్ సరిపోయింది, కానీ 'ఏ బ్యాండూ లేదు' అంటోంది

ప్రశ్న

లాంటిక్ ఎక్స్‌ఆర్ఎక్స్200 రూటర్ బోర్డు (బిగ్ ఎండియన్ మిప్స్ సీపీయూ, అంటే పదంలో పెద్ద బైట్ ముందు ఉండేది), ఏఆర్9280 వైఫై కార్డు, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్నది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల లినక్స్), కార్డు డ్రైవర్ ఏథ్9కె. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైల్) 'క్యూసీఏ,నో-ఈఈప్రామ్' పెట్టి, ఫ్లాష్‌లోంచి 3768 బైట్ల ఈఈప్రామ్ డేటా (కార్డు సెట్టింగులు) తీసి డ్రైవర్‌కి ఇస్తున్నాను. చెక్‌సమ్ (డేటా చెడిందా అని చూసే లెక్క) ఎర్రర్ లేదు, వెర్షన్ ఎర్రర్ లేదు. ఈఈప్రామ్‌లో ఏ బ్యాండూ గుర్తించి లేదని చెప్పి మైనస్ 22తో ఆగిపోతోంది. డంప్‌లో ముఖ్యమైన చోట్లు (ఆఫ్‌సెట్లు దశాంశంలో, బైట్లు హెక్స్‌లో, మ్యాక్ అడ్రస్ చివరి మూడు బైట్లు మార్చాను):

512: 0సి బి8
518: 00 03
524: 03 00 11 7ఎఫ్ 33 22

518ని హెక్స్ ఎడిటర్‌లో 03 చేసేస్తే సరిపోతుందా?

జవాబు 1

వద్దండీ, అలా చేస్తే చెక్‌సమ్ తప్పుతుంది; దాన్నీ సరిచేస్తే డ్రైవర్ లేస్తుంది గానీ రేడియో పాడుగా పనిచేస్తుంది. మీ ఫైల్లో ప్రతి రెండు బైట్లూ ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. మ్యాక్ చూడండి: ఏథరోస్ అడ్రస్ 00:03:7ఎఫ్‌తో మొదలవ్వాలి, మీకు 03 00 11 7ఎఫ్ అని ఉంది.

చెక్‌సమ్ దీన్ని పట్టుకోలేదు. 16 బిట్ల పదాలన్నిటినీ ఎక్సార్ చేస్తే (బిట్టుకు బిట్టు పోల్చి, వేరైతే 1 వేస్తూ పోతే) అన్ని బిట్లూ 1 రావాలి, అంతే దాని పని. ప్రతి పదంలో బైట్లు అటూ ఇటూ మారినా ఫలితం అదే.

వెర్షన్ ఎలా దాటిందన్నదే అసలు చిక్కు. 518లో ఉండాల్సింది బ్యాండ్ల జెండాలు (1 అంటే 5 గిగాహెర్ట్జ్, 2 అంటే 2.4), 519లో ఈఈపీమిస్క్ (ఇతర జెండాల బైట్). ఆ రెండూ స్థానాలు మార్చుకున్నాయి. డ్రైవర్ 519లో 03 చూసి, కింది బిట్ 1 కాబట్టి డేటా బిగ్ ఎండియన్ అనుకుంది. తిరగబడ్డ పదాల్ని మళ్లీ తిప్పి చదివేసరికి పొడవు, వెర్షన్ సరిగ్గానే కనిపించాయి. 518లో 00 ఉంది కాబట్టి బ్యాండ్లు లేవంది. ఇదే తిరగబాటు 2.4 మాత్రమే ఉన్న కార్డులో జరిగితే కింది బిట్ 0 అవుతుంది, అప్పుడు వెర్షన్ దగ్గరే ఆగుతుంది. ఒకే లోపానికి వేర్వేరు బోర్డుల్లో వేర్వేరు ఎర్రర్లు రావడానికి కారణం ఇది.

518 ఒక్కటీ దిద్దితే పవర్ టేబుళ్లు (అన్నీ ఒక్కో బైటే) జంటలుగా తారుమారై ఉండిపోతాయి, 32 బిట్ల యాంటెన్నా కంట్రోల్ విలువల్లో సగాలు మారిపోతాయి.

జవాబు 2

పై మాట నిజం. దిద్దే పద్ధతి:

పీసీలో 'డీడీ'కి (ఫైల్ కాపీ ఆదేశం) 'కన్వ్=స్వాబ్' (ప్రతి జంట బైట్లనూ తిప్పేది) ఇచ్చి మొత్తం ఫైల్ మార్చండి. ఫ్లాష్‌లోంచి తీసేటప్పుడు సరి సంఖ్య ఆఫ్‌సెట్ నుంచే తీయాలి, లేకపోతే జంటలే తప్పుతాయి. తర్వాత 512లో బి8 0సి (అంటే పొడవు 3256), 518లో 03 00, 524లో 00 03 7ఎఫ్ రావాలి. మ్యాక్ మార్చాలనుకుంటే ఇవి సరిపోయాకే మార్చి, 514లోని చెక్‌సమ్ మళ్లీ లెక్కించండి. ముందే ప్యాచ్ చేస్తే మ్యాక్ చక్కగా కనిపించి అసలు లోపాన్ని కప్పేస్తుంది.

డంప్ చూడడానికి ఎక్స్ఎక్స్‌డీ (బైట్లను ఉన్న వరుసలోనే చూపే ఆదేశం) వాడండి. హెక్స్‌డంప్‌ని ఉత్తగా నడిపితే 16 బిట్ల పదాలుగా, ఆ యంత్రం క్రమంలో చూపిస్తుంది. ఒకే ఫైల్ రూటర్‌లో ఒకలా, పీసీలో ఒకలా కనిపించి బుర్ర తినేస్తుంది.

ఇంకొకటి: 512లో 0సి బి8 ఉన్నంత మాత్రాన స్వాప్ చేయకండి. మ్యాక్ తిన్నగా ఉండి, 519 కింది బిట్ 1 అయితే అది నిజంగానే బిగ్ ఎండియన్ డేటా, డ్రైవరే చూసుకుంటుంది. మొదటి రెండు బైట్ల మ్యాజిక్‌ని (గుర్తింపు సంఖ్య) కూడా నమ్మకండి. నో-ఈఈప్రామ్ పెడితే డ్రైవర్ అక్కడి తేడాను పట్టించుకోదు. మ్యాక్‌నే నమ్మండి.

ప్రశ్న అడిగినవారు

స్వాబ్ తర్వాత మూడు చోట్లా మీరు చెప్పినట్టే వచ్చింది, రెండు బ్యాండ్లూ లేచాయి. థాంక్సండీ. ఇదే బోర్డులో క్యూసీఏ9880 (ఇంకో వైఫై చిప్) కూడా ఉంది. దానికీ స్వాబ్ చేయాలా?

జవాబు 2

అక్కర్లేదు. ఏథ్10కె (ఆ చిప్ డ్రైవర్) ఆ డేటాను విప్పి చూడదు, చిప్‌లోని ఫర్మ్‌వేర్‌కి ఉన్నదున్నట్టు పంపుతుంది. ఫైల్ 2116 బైట్లు, మొదట్లో 44 08 ఉండాలి, సీపీయూ ఏదైనా సరే. మ్యాక్ 6వ ఆఫ్‌సెట్‌లో, చెక్‌సమ్ 2లో. 08 44 కనిపిస్తే మాత్రం తీసేటప్పుడే ఎక్కడో తిరగబడింది.