పెదనాన్నను బ్లూస్ ఫెస్టివల్‌కి ముంబయి తీసుకెళ్లాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అమలాపురం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పెదనాన్నకి 68 ఏళ్లు. కుర్రతనం నుంచీ చర్చిలో గిటారు వాయిస్తున్నారు. బ్లూస్ రాక్ (అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటల నుంచి వచ్చిన రాక్ సంగీతం) అంటే ప్రాణం. షిల్లాంగ్ బ్యాండు సోల్‌మేట్ వీడియోలు పెట్టుకుని వాళ్లతో పాటే వాయిస్తూ కూర్చుంటారు. ఫిబ్రవరిలో ముంబయి మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్‌కి ఆయన్ని తీసుకెళ్దామని ఉంది. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. క్రిస్మస్ కూటాల్లో సౌండు ఎక్కువైతే రాత్రంతా చెవుల్లో గుయ్యిమంటోందంటారు. ఇంట్లోవాళ్లు "ఈ వయసులో అంత దూరం ఎందుకు, టీవీలో చూపించు" అంటున్నారు. నాకూ కాస్త టెన్షన్‌గానే ఉంది.

రాజమండ్రి నుంచి:

ఆయ్, తప్పకుండా తీసుకెళ్లండి. టీవీలో చూడటం వేరు, ఎదురుగా వినటం వేరు. అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ 2015లో పోయారు. అక్కడి బ్లూస్ రాక్ బ్యాండు జీజీ టాప్ (ZZ Top) ముగ్గురూ ఐదు దశాబ్దాలు కలిసి వాయించారు, 2021లో వాళ్లలో ఒకరైన డస్టీ హిల్ పోవడంతో ఆ జట్టు చెదిరింది. "వచ్చే ఏడాది చూద్దాం" అని ఆగిన అభిమానులకి మళ్లీ ఆ అవకాశం రాలేదు.

ఫెస్టివల్ 2011లో మొదలైంది, బాంద్రాలోని మెహబూబ్ స్టూడియోలో జరుగుతూ వచ్చింది. మొదటి ఏడాదే అమెరికా బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై వచ్చి వాయించారు. ఎవరెవరు వాయిస్తారన్నది ఏటా మారుతుంది కాబట్టి, జాబితాలో సోల్‌మేట్ పేరు చూశాకే టికెట్ తీయండి. చోటు, తేదీ కూడా అప్పుడే సరిచూసుకోండి.

మీకు అమలాపురంలో రైలు లేదు కనుక రావులపాలెం మీదుగా రాజమండ్రి వచ్చేయండి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒక రోజు ప్రయాణం. దాదర్‌లో దిగి వెస్టర్న్ లైన్ లోకల్లో బాంద్రా వెళ్లొచ్చు, సామాను ఎక్కువుంటే టాక్సీయే నయం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. కచేరీ రోజుకి కాకుండా ముందు రోజుకే చేరుకోండి, పెద్దాయన ఒక రాత్రి నిద్రపోయి లేవాలి. అంతర్వేది తీర్థం కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే పడుతుంది. అదే వారం అయితే బస్సుల్లో జనం ఎక్కువుంటారు, ఇంటి నుంచి పెందలాడే బయల్దేరండి.

భీమవరం నుంచి:

మాది సౌండ్ సిస్టమ్ పని, పెళ్లిళ్లకీ సభలకీ బాక్సులు పెడతాం. చెవుల సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ వదిలేసేది దాన్నే. 85 డెసిబెల్స్ సౌండుని రోజుకి 8 గంటలు వినొచ్చని ఒక లెక్క ఉంది. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమైపోతుంది. అలా 100కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. రాక్ కచేరీలో 100 మామూలు విషయం. ఇప్పటికే చెవులు గుయ్యిమంటున్న మనిషిని ఇయర్ ప్లగ్స్ లేకుండా లోపలికి పంపొద్దు.

మెడికల్ షాపులో దొరికే స్పాంజి ప్లగ్స్ చెవిని కాపాడతాయి గానీ, పై స్థాయి శబ్దాల్ని ఎక్కువ తినేస్తాయి, గిటారు మొద్దుగా వినిపిస్తుంది. సంగీతం వినేవాళ్ల కోసం ఫిల్టరున్న సిలికాన్ ప్లగ్స్ ఆన్‌లైన్‌లో ఉంటాయి. అవి అన్నిటినీ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి. ముందే కొని ఆదివారం ఆరాధనలో పెట్టుకుని చూడమనండి, అలవాటవుతుంది. వెళ్లేముందు ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకి చూపిస్తే ఇంకా మంచిది.

ఇక నిలబడే చోటు. అభిమానం కొద్దీ స్టేజీ అంచుకి తోసుకుపోవద్దు. గిటారు యాంప్‌లోని (గిటారు సౌండు పెంచే పెట్టె) స్పీకరు పదునైన శబ్దాన్ని తిన్నగా ఎదురుకే కొడుతుంది. అక్కడుంటే గిటారు చెవిలో గుచ్చుకుంటుంది. గొంతేమో పక్కనున్న పెద్ద బాక్సుల్లోంచి వస్తుంది కాబట్టి పాట తేలిపోతుంది. హాలు మధ్యలో మిక్సర్ (సౌండు సర్దే బోర్డు) ఎక్కడ పెట్టారో చూసుకుని దాని పక్కన చేరండి. సౌండు సర్దే మనిషి తన చెవిని బట్టే సర్దుతాడు గనుక పాట, డ్రమ్స్, గిటారు అన్నీ అక్కడ సరిపాళ్లలో ఉంటాయి. మిక్సర్ చుట్టూ సాధారణంగా బారికేడ్ ఉంటుంది, పెదనాన్నగారు ఆనుకోవచ్చు. కుర్చీలున్న టికెట్ ఉంటే డబ్బు చూసుకోకండి, అదే తీయండి. లేకపోతే వరసగా అన్ని బ్యాండులూ నిలబడి వినక్కర్లేదు. సోల్‌మేట్ టైము కనుక్కుని, అంతవరకూ బయట ఎక్కడైనా కూర్చోబెట్టండి.

పాలకొల్లు నుంచి:

వాయించే మనిషి కాబట్టి ఆయనకి బ్లూస్ పాటల్లోని పన్నెండు బార్ల (తాళం ఆవృత్తాల) లెక్క తెలిసే ఉంటుంది. E, A, B7 అనే మూడు కార్డ్స్‌తోనే (కలిపి మోగించే స్వరాల గుంపులు) రాత్రంతా గడిచిపోతుంది. మీరు కొత్తయితే మీకోసం ఒక మాట. మొదటి లైను పాడతారు, దాన్నే మళ్లీ పాడతారు, మూడో లైనులో జవాబు చెబుతారు. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీలో గిటారు బదులు పలుకుతుంది. ఆ ఖాళీల్ని పట్టుకుని వినండి. సోల్‌మేట్‌లో తిప్రితి ఖార్‌బంగార్ పాడుతుంటే రూడీ వాలాంగ్ గిటారు అలా బదులివ్వటం వినాలి. 2003 నుంచీ కలిసి వాయిస్తున్నవాళ్లు. 2007లో మెంఫిస్‌లో జరిగిన అంతర్జాతీయ బ్లూస్ పోటీలకి మన దేశం తరఫున వెళ్లారు కూడా.

బ్లూస్‌లోలా తీగని సాగదీసి స్వరాన్ని వంచడం మన చెవికి కొత్తేమీ కాదు. మా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించి, ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తి అనే బ్యాండులో వాయించారు. పెదనాన్నగారికి ఆ రికార్డులు కూడా వినిపించండి, రైల్లో బోలెడంత టైముంటుంది.

అమలాపురం నుంచి:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇదంతా పెదనాన్నకి చదివి వినిపించాను, ప్లగ్స్ ఆర్డర్ పెట్టమన్నారు. ఇంకొక్కటి. ఆయనకి లోయర్ బెర్త్ కచ్చితంగా కావాలి. ఇద్దరికీ ఒకే టికెట్ తీయనా?

రాజమండ్రి నుంచి:

సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా మగవాళ్లకి 60 దాటితే ఉంటుంది గానీ, అదే టికెట్ మీద చిన్నవాళ్లుంటే వర్తించదు. ఆయనది ఆ కోటాలో విడిగా తీయండి, మీది జనరల్‌లో తీయండి. పెట్టెలు వేరుపడితే టీటీఈని అడిగి సర్దుకోవచ్చు. ఛార్జీలో వయసు రాయితీ 2020 మార్చి నుంచి లేదు, పూర్తి డబ్బు లెక్కేసుకోండి. ఆధార్ ఇద్దరివీ దగ్గర ఉంచుకోండి, రైల్లోనూ చూపించాలి, ఫెస్టివల్ గేటు దగ్గరా అడగొచ్చు.