ఒకే మాటలో ఆకాశమూ పరలోకమూ: ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

గెలీలియో 1615లో టస్కనీ ఏలిక తల్లి క్రిస్టీనాకు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఒక పెద్ద మతాధికారి నోట విన్నానంటాడు. ఆయన కార్డినల్ బరోనియో. నా అనువాదం ఇది: "పరలోకానికి ఎలా వెళ్లాలో నేర్పడమే పరిశుద్ధాత్మ ఉద్దేశం, ఆకాశం ఎలా వెళుతుందో నేర్పడం కాదు." అర్థం వచ్చింది, చమత్కారం పోయింది. ఇటాలియన్‌లో రెండు చోట్లా 'చెలో' అనే ఒక్క మాటే, క్రియ కూడా ఒక్కటే. ఆ మెరుపును తెలుగులో పట్టే దారి ఎవరికైనా తోచిందా?

జవాబు:
లోపం మీ అనువాదంలో లేదండీ. బైబిల్ మూలభాషల్లోని మాటలు, హీబ్రూ 'షమాయిమ్', గ్రీకు 'ఊరనోస్' కూడా రెండర్థాలూ మోస్తాయి. మత్తయి ఆరో అధ్యాయం తీయండి. 9వ వచనంలో "పరలోకమందున్న మా తండ్రీ", 26లో "ఆకాశపక్షులను చూడుడి". గ్రీకులో రెండు చోట్లా ఊరనోసే! తెలుగు బైబిల్ అనువదించిన మనవాళ్లు ప్రతిసారీ ఆగి, ఇది పక్షులు ఎగిరే చోటా, దేవుడుండే చోటా అని తేల్చుకోవలసి వచ్చింది. అన్నిచోట్లా ఆ గీత నిలవలేదు కూడా: "ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు" అని సొలొమోను ప్రార్థన.

చిక్కేమిటంటే, గెలీలియో ఆ సూత్రం దగ్గరే ఆగలేదు. బైబిల్‌లో యెహోషువ పదో అధ్యాయంలో, యుద్ధం ముగిసేదాకా పొద్దు నిలవాలని యెహోషువ కోరితే, సూర్యుడు "ఆకాశ మధ్యమున నిలిచి" అని ఉంది కదా. ఆ మధ్యం అంటే గ్రహాల నడుమ కేంద్రమేనని, తన చుట్టూ తాను తిరిగే సూర్యుణ్ణి ఆపితే గ్రహాలన్నీ ఆగిపోతాయని అదే ఉత్తరం చివర వాదించాడు. గ్రంథం ఖగోళం నేర్పదన్నవాడు గ్రంథంలోంచే ఖగోళం తీశాడు. నాకు కెప్లర్ జవాబే నచ్చుతుంది. 1609 నాటి తన ఖగోళ గ్రంథం పీఠికలో ఆయన అన్నదాని సారం: యెహోషువకు కావలసింది పగటి వెలుగు నిలవడం, గ్రంథం మనుషులతో మనుషుల మాటల్లోనే మాట్లాడుతుంది. భూమి తిరుగుతుందని తెలిసీ మనం పొద్దు పొడిచిందనీ, పొద్దు గూకిందనీ అంటున్నాం. అది అబద్ధం కాదు, కంటికి కనిపించినదాన్ని చెప్పడం. భూమే సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కొపర్నికస్ పుస్తకాన్ని 1616లో, దిద్దేదాకా నిలిపివేసిన రోము మతాధికారుల చెవికి ఇది ఎక్కలేదు.

జవాబు:
నామం వదిలేసి క్రియను పట్టుకుంటే? సంస్కృతంలో 'గమ్' ధాతువు ఉండనే ఉంది. "పరిశుద్ధాత్మ నేర్పేది సద్గతి, గ్రహగతి కాదు." వెళ్లడం రెండింట్లోనూ ఉంది.

జవాబు:
బాగుందండీ! కాని సద్గతి అనగానే నాకు కర్మకాండ గుర్తొస్తుంది, చర్చిలో ఆ మాట వినను. పైగా బరోనియో కతోలికుడు, మన కతోలికులు 'పవిత్రాత్మ' అంటారు. హనోకు దేవునితో నడిచాడని ఆదికాండం, విశ్వాసపు నడక అని మా ఇంట్లో రోజూ అనేదే. గ్రహాలకూ నడక అనే అంటాం. అందుకే ఇలా రాస్తాను: "పవిత్రాత్మ నేర్పేది మన నడక, చుక్కల నడక కాదు."

మొదట అడిగినవారు:
నడక బాగా కుదిరింది. ఎక్కడికి నడకో చెప్పే మాట మాత్రం జారిపోయింది. "పైకి మన నడక, పైవాటి నడక కాదు" అంటే?